హైదరాబాదు దారుల మీద మూడు చక్రాల స్ట్రాలర్: కొనే ముందు చూసుకోవలసినవి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుని సమాధానంలోకి వస్తాను. మీరు నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నారు. బాబుకు ఎనిమిదో నెల నడుస్తోంది. మీ వారు పొద్దున్నే పరుగుకు వెళ్ళేటప్పుడు బాబును వెంట తీసుకెళ్ళాలని అనుకుంటున్నారు. సాయంత్రం పూట మీ అత్తగారు కాలనీ పార్కు దాకా తిప్పుకొస్తారు. డిసెంబరులో అమెరికా నుంచి వస్తున్న మీ ఆడపడుచు మూడు చక్రాల స్ట్రాలర్, అంటే బిడ్డను కూర్చోబెట్టి తోసుకుపోయే బండి, తెస్తానంటున్నారు. ఇక్కడ ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకే మూడు చక్రాలవి కనిపిస్తుంటే అంత దూరం నుంచి మోసుకురావడం ఎందుకన్నది మీ సందేహం. సికింద్రాబాదులో పిల్లల సైకిళ్ళు, స్ట్రాలర్లు అమ్మడం, బాగుచేయడం నా వృత్తి. మరమ్మతుకు వచ్చే బళ్ళను విప్పి చూసినప్పుడు తెలిసే సంగతులు అమ్మకాల ప్రకటనల్లో ఉండవు కనుక, వాటినే ఎక్కువగా చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. పెద్ద గాలి టైర్లతో, పరుగు కోసమే తయారైన మూడు చక్రాల బండి మీ వారికి సరైనది. దాన్ని మీ ఆడపడుచు చేత తెప్పించుకోవడంలో అర్థముంది. అరచేతి వెడల్పు ప్లాస్టిక్ చక్రాలు మూడింటిని బిగించి, చూపుకు అలాంటిదే అనిపించేలా చేసిన చవక బండి మాత్రం ఎవరికీ సరైనది కాదు. మూడు చక్రాల వల్ల వచ్చే ఇబ్బందులన్నీ దానిలో ఉంటాయి, ప్రయోజనం ఒక్కటీ ఉండదు. అదే డబ్బుకు మామూలు నాలుగు చక్రాల స్ట్రాలర్ తీసుకుంటే బాబుకు క్షేమం, మీకు సుఖం.

ఈ రెండు రకాల మధ్య తేడా వాటి పుట్టుకలోనే ఉంది. ఇప్పుడు అందరూ వాడుతున్న తేలికపాటి మడత స్ట్రాలర్‌ను 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే బ్రిటిష్ విమాన ఇంజనీరు రూపొందించాడు. చంకలో పెట్టుకుని మెట్లెక్కగలగడం, కారులో, విమానంలో ఇమడటం దాని లక్ష్యం. మూడు చక్రాల పరుగు బండిని 1984లో అమెరికాలో ఫిల్ బేక్లర్ అనే ఆయన తయారుచేశాడు. పసిబిడ్డను వదలకుండా తన పరుగు తాను కొనసాగించుకోవడం ఆయన అవసరం. అందుకే దానికి సైకిల్ చక్రాలు వచ్చాయి, ముందు ఒకటే చక్రం వచ్చింది, బరువూ పెరిగింది. ఇప్పటికీ మంచి పరుగు బళ్ళలో ముందు చక్రం 12 అంగుళాలు, వెనుక చక్రాలు 16 అంగుళాలు ఉండటం పరిపాటి.

చక్రం పెద్దదైతే ఏమి లాభమో కొంచెం లెక్కగా చెబుతాను, ఎందుకంటే మన ఊళ్ళో నిర్ణయమంతా దీని మీదే ఆధారపడుతుంది. అడ్డం వచ్చిన గట్టును ఎక్కించడానికి ఎంత బలంగా తోయాలన్నది చక్రం వ్యాసార్ధం, గట్టు ఎత్తు, ఈ రెంటినీ బట్టి ఉంటుంది. ఒక అంగుళం ఎత్తున్న గట్టు ఎదురైందనుకోండి. 6 అంగుళాల చక్రాన్ని దాని మీదికి నేరుగా తోయాలంటే, ఆ చక్రం మీద ఎంత బరువు పడుతోందో దానికి మించిన బలం కావాలి. 12 అంగుళాల చక్రానికైతే ఆ బరువులో మూడింట రెండు వంతుల బలం సరిపోతుంది. దీని అర్థం చిన్న చక్రం బండి ఆ గట్టు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది, వెనుక నుంచి తోస్తున్న మనిషి ముందుకు తూలుతాడు, బిడ్డ తల ముందుకు ఊగుతుంది. అంగుళం గట్టు అనేది మన కాలిబాటల మీద అడుగడుగునా ఉంటుంది: షాబాదు బండల మధ్య లేచిన అంచులు, కుంగిన పేవర్ బ్లాకులు, రోడ్డు కంటే ఎత్తుగా బిగించిన మ్యాన్‌హోల్ మూతలు, కేబుళ్ళ కోసం తవ్వి సరిగా పూడ్చకుండా వదిలిన గాడులు, వానాకాలం తరువాత తేలిన కంకర. గాలి నిండిన టైరు వీటిలో చాలావాటిని దాటేస్తుంది, ఆ అదురును బిడ్డ వెన్ను దాకా పోనివ్వకుండా చాలామటుకు తనలోనే అణచుకుంటుంది. సీటు కింద స్ప్రింగులున్నా టైరులో గాలి లేకపోతే ఆ మేలు సగమే.

ముందు చక్రం ఒకటే కావడం వల్ల మలుపు సులువు. హ్యాండిల్‌ను కిందికి నొక్కితే ముందు భాగం పైకి లేస్తుంది, వెనుక రెండు చక్రాల మీద బండిని ఎటైనా తిప్పుకోవచ్చు, కాలిబాట అంచు ఎక్కించవచ్చు. అయితే మన ఇళ్ళ ముందు, దుకాణాల ముందు మెట్ల మధ్యలో బైకులు ఎక్కించడానికి సిమెంటుతో పోసిన సన్నని బాట ఉంటుంది కదా, అది మూడు చక్రాల బండికి పనికిరాదు. ముందు చక్రం బాట మీద ఉంటే వెనుక చక్రాలు రెండూ మెట్ల మీద పడతాయి. అలాంటి చోట ఇద్దరు పట్టి ఎత్తవలసిందే. మీ బ్లాకు గుమ్మం దగ్గర వెడల్పాటి ర్యాంపు ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే రోజూ 12 కిలోల బండిని, 9 కిలోల బిడ్డను కలిపి దించి ఎక్కించడం మీ అత్తగారి వల్ల కాదు.

ఇప్పుడు మూడు చక్రాల అసలు లోపం గురించి. నాలుగు చక్రాల బండి నేల మీద ఆనుకునే చోటు దీర్ఘచతురస్రం, మూడు చక్రాలది త్రిభుజం. వెనుక చక్రాల మధ్య దూరం 60 సెంటీమీటర్లు ఉన్న రెండు బళ్ళను పోల్చి చూద్దాం. నాలుగు చక్రాలదానిలో మధ్యగీత నుంచి పక్కకు 30 సెంటీమీటర్ల ఆనిక దొరుకుతుంది. మూడు చక్రాలదానిలో బరువు కేంద్రం వెనుక ఇరుసు నుంచి పావు దూరం ముందుకు ఉందనుకుంటే, అక్కడ ఒక్కో పక్క 22 సెంటీమీటర్ల చిల్లర ఆనికే మిగులుతుంది. బిడ్డ ముందుకు వంగినకొద్దీ అది ఇంకా తగ్గిపోతుంది. ఏడాది దాటిన పిల్లలు కుక్కపిల్ల కనబడగానే ఒక పక్కకు, ముందుకు, ఒకేసారి వంగుతారు. బండి ఒరిగేది సరిగ్గా ఆ మూలకే. మంచి పరుగు బళ్ళు ఈ లోపాన్ని మూడు విధాల సరిదిద్దుకుంటాయి: వెనుక ఇరుసు వెడల్పు చేస్తారు, సీటును కిందికి దించుతారు, బిడ్డ బరువు వెనుక ఇరుసు దగ్గరగా పడేలా అమరుస్తారు. చవక బండిలో ఇరుసు సన్నగా, సీటు ఎత్తుగా ఉంటుంది. అది ఒరగడంలో ఆశ్చర్యం లేదు.

దుకాణంలో దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. సీటులో పది కిలోల బియ్యం బస్తా పెట్టి బెల్టు బిగించండి. ముందు చక్రానికీ ఒక వెనుక చక్రానికీ మధ్యనున్న పక్క భాగాన్ని అరచేతితో కిందికి నొక్కండి. ఒక మోస్తరు ఒత్తిడికే అవతలి వెనుక చక్రం గాలిలోకి లేస్తే ఆ బండి వద్దు. తరువాత హ్యాండిల్‌కు కూరగాయల సంచి తగిలించి చేయి వదిలి చూడండి. వెనక్కి పడబోతే అది మూడు చక్రాలదైనా నాలుగు చక్రాలదైనా ఆ అలవాటు మీ ఇంట్లో ఎవరికీ రానివ్వకండి. సామాను సీటు కింది బుట్టలోనే ఉండాలి. రైతుబజారు నుంచి వచ్చేటప్పుడు నాలుగు సంచులు హ్యాండిల్‌కు వేలాడదీసుకుని రావడం రోజూ చూస్తుంటాను. బిడ్డను ఎత్తుకోగానే బండి వెల్లకిలా పడుతుంది, ఇంకో బిడ్డ పక్కనే నిలబడి ఉంటే దెబ్బ తగిలేది ఆ బిడ్డకు.

ముందు చక్రం సంగతి ఇంకొంచెం చెప్పాలి. కొన్ని బళ్ళలో అది అటూ ఇటూ తిరిగేలా ఉంటుంది, కొన్నింటిలో నేరుగా బిగించి ఉంటుంది, ఎక్కువవాటిలో రెండు విధాలుగానూ మార్చుకునే మీట ఉంటుంది. మీకు కావలసింది ఈ మూడో రకం. నడకకు చక్రం తిరుగుతూ ఉండాలి, పరుగుకు తప్పనిసరిగా లాక్ చేయాలి. తిరిగే చక్రంతో వేగంగా పరుగెత్తితే అది ఒక్కసారిగా వణకడం మొదలుపెడుతుంది, చిన్న గులకరాయికే అడ్డం తిరిగి బండిని బోల్తా కొట్టిస్తుంది. లాక్ చేశాక బండి వదిలితే నేరుగా పోవాలి. ఒక పక్కకు లాగుతుంటే ముందు చక్రం దగ్గర దాన్ని సరిచేసే స్క్రూ గాని, చేత్తో తిప్పే చిన్న నాబ్ గాని ఉంటుంది, మాన్యువల్‌లో చూపిస్తారు.

ఆ చక్రం సులువుగా ఊడదీసేందుకు క్విక్ రిలీజ్ మీట ఉంటే దాన్ని మరింత శ్రద్ధగా చూడాలి. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ 2018లో ఒక పేరున్న కంపెనీ పరుగు స్ట్రాలర్ల మీద ఇదే విషయమై చర్య తీసుకుంది. నడుస్తుండగా ముందు చక్రం ఊడిపోయిందని సుమారు 200 ఫిర్యాదులు అప్పటికి వచ్చాయి, వాటిలో కొన్నింట పిల్లలూ పెద్దలూ గాయపడ్డారు. మీట మూసినట్టు కనిపించినా బిగుతు చాలకపోవచ్చునన్నది కమిషన్ వాదన. ప్రతి ఉదయం బయలుదేరే ముందు ముందు భాగాన్ని పైకెత్తి, చక్రాన్ని పట్టుకుని గట్టిగా లాగి చూడమని మీ వారికి చెప్పండి. అర నిమిషం పని అది.

బాబు వయసు విషయానికి వస్తే, నడకకు ఇప్పటి నుంచే ఏ ఇబ్బందీ లేదు. పరుగుకు మాత్రం తయారీదారులు ఎక్కువమంది ఆరు నెలలు నిండాలంటారు, కొందరు ఎనిమిది నెలలు అంటారు; మెడ నిలపడం, ఆసరా లేకుండా కూర్చోవడం బాగా వచ్చాకనే అన్నది దాని వెనుకనున్న కారణం. మీ బాబు ఆ హద్దులోనే ఉన్నాడు కనుక, తరువాతి టీకాకు వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరుగారిని ఒక మాట అడిగి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టండి. మొదలుపెట్టినా మొదట నునుపైన దారి మీద, మెల్లగా. మీకు దగ్గరలోని కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లోని నడక దారుల వంటివి అందుకు అనువైనవి. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ చూస్తే ఆశ పుడుతుంది, కానీ అది వేగంగా పోయే సైకిళ్ళ దారి. పిల్లల బండికి అక్కడ చోటు లేదు.

ఇంట్లో నెలల బిడ్డ ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతుండవచ్చు కనుక ఒక మాట. పరుగు బళ్ళ సీటు చాలావాటిలో పూర్తిగా వెల్లకిలా పరుచుకోదు. అప్పుడే పుట్టిన బిడ్డకు దాదాపు చదునుగా పడుకునే ఏర్పాటు కావాలి, లేదా ఆ బండికే సరిపోయే తొట్టి విడిగా కొనాలి. బండిలో నిద్రపోయిన పసిబిడ్డను ఇంటికి చేరగానే చదునైన గట్టి పరుపు మీదికి మార్చాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది, నాలుగు నెలల లోపు బిడ్డల విషయంలో మరీ నొక్కి చెబుతోంది. ఒరిగిన భంగిమలో గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి దారి ఇరుకవుతుంది. నిద్ర చెడుతుందని బిడ్డను రెండు గంటలు హాల్లో అలాగే బండిలో ఉంచేయడం మంచిది కాదు.

బ్రేకు గురించి కొంత విస్తారంగానే చెబుతాను, ఎందుకంటే కొనేవారు దీన్ని అందరికంటే చివర చూస్తారు. పరుగు బండికి మూడు ఉండాలి: ఆపి నిలిపినప్పుడు వేసే కాలి బ్రేకు, పల్లంలో వేగం తగ్గించుకునే హ్యాండ్ బ్రేకు, తోసేవారి మణికట్టుకు తగిలించుకునే పట్టీ. గాలి టైర్ల మీద బండి ఎంత తేలికగా కదులుతుందంటే, నేల చదునుగా ఉందని మనం అనుకున్న చోట కూడా తనంతట తాను పోతుంది. 2009 అక్టోబరులో మెల్‌బోర్న్‌లో ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద తల్లి చేయి వదిలిన క్షణంలో బిడ్డ ఉన్న బండి దొర్లి, వస్తున్న రైలు ముందు పట్టాల మీద పడింది. బిడ్డ స్వల్ప గాయంతో బతికి బయటపడటం అదృష్టం. ఆస్ట్రేలియాలో స్ట్రాలర్లకు మణికట్టు పట్టీ తప్పనిసరి. కాలి బ్రేకు మీట ఎర్ర రంగులో కనబడాలన్న నియమమూ ఉంది. మన మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి కనుక బండితో వెళ్ళడం సులువే, కానీ ప్లాట్‌ఫారం మీద నిలబడిన ప్రతిసారీ బ్రేకు వేసి, బండిని పట్టాలకు అడ్డంగా కాక సమాంతరంగా నిలిపి, పట్టీ చేతికి ఉంచుకోవాలి.

ప్లాట్‌ఫారం కంటే ఎక్కువగా భయపడవలసిన చోటు మీ సెల్లార్ ర్యాంపు. ఎనిమిది అడుగులకు ఒక అడుగు దిగే ర్యాంపు మీద, బండీ బిడ్డా సామానూ కలిపి 25 కిలోలైతే, అది మూడు కిలోలకు పైగా బలంతో కిందికి లాగుతూనే ఉంటుంది. మీ వారికి అది లెక్క కాదు. అరిగిన చెప్పులు వేసుకున్న పెద్దావిడకు, తడిసిన ర్యాంపు మీద, అది చాలా ఎక్కువ. అత్తగారిని ర్యాంపు వైపు పోవద్దని, గ్రౌండ్ ఫ్లోర్‌లోనే లిఫ్టు దిగి మామూలు గేటు గుండా వెళ్ళమని చెప్పండి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వంటి ఎగుడుదిగుడు ప్రాంతాల్లో ఉండేవారికి హ్యాండ్ బ్రేకు లేని మూడు చక్రాల బండిని నేను అమ్మను. కాలి బ్రేకును ఎంచుకునేటప్పుడు ఇంకో చిన్న సంగతి: కొన్నింటిని వేయడానికి నొక్కాలి, తీయడానికి బొటనవేలితో పైకి లేపాలి. బూట్లు వేసుకునే దేశాల్లో అది బాగానే ఉంటుంది, చెప్పుల కాలికి నొప్పి. నొప్పి పుట్టించే బ్రేకును నాలుగు రోజుల తరువాత ఎవరూ వేయరు. వేయడానికీ తీయడానికీ నొక్కితే సరిపోయేదే చూసుకోండి.

బెల్టు అయిదు చోట్ల పట్టేదిగా ఉండాలి: రెండు భుజాలు, రెండు తొడల పక్కలు, కాళ్ళ మధ్య ఒకటి. కాళ్ళ మధ్య పట్టీ పెట్టకుండా నడుము బెల్టు ఒక్కటే కట్టడం, ముందు అడ్డకడ్డీ ఉంది కదా అని బెల్టు మానేయడం, రెండూ ప్రమాదమే; నిద్రలో బిడ్డ కిందికి జారితే మెడ దగ్గర చిక్కుకుంటుంది. పరుగు బండిలో బెల్టు ప్రతిసారీ, పార్కు నాలుగడుగుల దూరమే అయినా సరే.

ఎండ విషయం మన ఊరికి చాలా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఊళ్ళో ఉన్నాం కనుక, బండి పైకప్పు సీటు ముందు అంచు దాకా దిగేదిగా ఉండాలి. వీపు వైపు జాలీ కిటికీ ఉండి గాలి ఆడాలి. ఎండ పడుతోందని చున్నీయో దుప్పటో బండి మీద పూర్తిగా కప్పడం అందరూ చేసే పని, దయచేసి మీరు చేయకండి. 2014లో స్వీడన్‌లో ఒక దినపత్రిక చేసి చూపించిన పరీక్షలో, కప్పనప్పుడు 22 డిగ్రీలున్న బండిలో పలచటి గుడ్డ కప్పిన అరగంటకు 34, గంటకు 37 డిగ్రీలు నమోదైంది. అక్కడే అంతైతే ఇక్కడ ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. పలచటి మల్లు గుడ్డను తడిపి వేసి, బ్యాటరీ ఫ్యాను పెడితే లోపలి వేడి తగ్గుతుందని సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో చూపించారు. మన పొడి వేసవిలో ఆ ఉపాయం పనిచేస్తుంది, గుడ్డ ఆరిపోకుండా తడుపుతూ, పక్క నుంచి గాలి ఆడేలా వదిలితేనే. జులై ఉక్కలో తడి గుడ్డ వల్ల ప్రయోజనం తక్కువ. ఏమైనా, వేసవిలో పొద్దున ఏడున్నర దాటాక, సాయంత్రం ఆరు లోపల బిడ్డను రోడ్డు మీదికి తేకపోవడమే సరైన పని.

ట్రాఫిక్ పొగ కూడా ఇలాంటిదే. స్ట్రాలర్‌లో బిడ్డ ముక్కు నేలకు 55 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, వాహనాల పొగ గొట్టాలు ఉండేదీ మీటరు లోపలే. ఆ ఎత్తులో పిల్లలు పెద్దలకంటే 60 శాతం దాకా ఎక్కువ కాలుష్యానికి లోనుకావచ్చని ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయం వారు 2018లో అంచనా వేశారు. పరుగు బండి సీటు మామూలు స్ట్రాలర్ల కంటే కిందికి ఉంటుందని పైన చెప్పాను కదా. పడిపోకుండా కాపాడే ఆ గుణమే ఇక్కడ నష్టం. అందువల్ల మీ వారు నల్లగండ్ల ప్రధాన రోడ్డు వెంట కాక, కాలనీ లోపలి దారుల్లో పరుగెత్తాలి.

టైర్ల సంరక్షణ గురించి భయం అక్కరలేదు. తుమ్మ ముళ్ళకూ పల్లేరు కాయలకూ పంక్చరు అవుతాయన్నది నిజమే. కానీ 12 అంగుళాలు, 16 అంగుళాల ట్యూబులు పిల్లల సైకిళ్ళవే. టైరు పక్కన అచ్చువేసిన కొలత చూపిస్తే బస్తీలోని సైకిల్ షాపులో దొరుకుతాయి. వాల్వు స్కూటరు టైరుకు ఉండేలాంటిదైతే ఏ పంపుతోనైనా గాలి కొట్టుకోవచ్చు. చిన్న చక్రంలో పంపు మూతి దూరదు కనుక వంపు వాల్వు ఉన్న ట్యూబు అడగండి. గాలి ఎంత కొట్టాలో టైరు మీదే రాసి ఉంటుంది. పెట్రోలు బంకులో కారు టైర్లకు కొట్టే గాలి గొట్టం పెట్టించకండి, రెండు క్షణాల్లో ట్యూబు పగిలిపోతుంది. పంక్చరు బెడద అసలే వద్దనుకునేవారికి రబ్బరు ఫోము నింపిన టైర్లు ఉన్నాయి. నడకకు అవి చాలు, పరుగుకు గాలి టైరే మేలు.

ఇంట్లో ఇమడటం చివరి పరీక్ష. పరుగు బళ్ళు సాధారణంగా 60 నుంచి 70 సెంటీమీటర్ల వెడల్పు, 11 నుంచి 13 కిలోల బరువు ఉంటాయి. మడిచినా పెద్ద సూట్‌కేసంత చోటు ఆక్రమిస్తాయి. లిఫ్టు తలుపు పూర్తిగా తెరుచుకున్నాక ఎంత వెడల్పో, లోపల ఎంత లోతో టేపు పెట్టి కొలవండి. పాత అపార్ట్‌మెంట్లలోని చిన్న లిఫ్టుల్లో బండి దూరినా మనిషి నిలబడే చోటు మిగలదు. కారు డిక్కీ కూడా కొలవండి. హ్యాచ్‌బ్యాక్ అయితే, ముఖ్యంగా సీఎన్‌జీ సిలిండరు ఉంటే, వెనుక చక్రాలు ఊడదీస్తే తప్ప పట్టకపోవచ్చు. హ్యాండిల్ ఎత్తు మార్చుకునే వీలు తప్పనిసరి. మీ వారి ఎత్తుకు అమరిన హ్యాండిల్‌ను అత్తగారు భుజాలెత్తి పట్టుకోవలసి వస్తే, పది నిమిషాలకే ఆమె మెడ పట్టేస్తుంది.

అందుకే మీ ఇంటికి నా సలహా ఇది. పరుగు బండిని మీ వారి ఉదయాలకు ఉంచండి. అత్తగారికి ఆరేడు కిలోల లోపు బరువుండే, ఒంటిచేత్తో మడిచే నాలుగు చక్రాల మామూలు స్ట్రాలర్ విడిగా తీసుకోండి. మీరు ఆన్‌లైన్‌లో చూసిన ఆ ఆరేడు వేలు సరిగ్గా దీనికి సరిపోతాయి. కాలనీ లోపలి పేవర్ బ్లాకుల మీద ఆమెకు అది చాలు, లిఫ్టులోకి సులువుగా వస్తుంది, ఒరగదు. రెండూ కొనడం కుదరకపోతే, మీ వారు వారంలో ఎన్ని ఉదయాలు నిజంగా పరుగెత్తుతున్నారో నిజాయితీగా చూసుకోండి. శని, ఆదివారాలు మాత్రమే అయితే ఆ రెండు రోజులు ఆయన ఒంటరిగా పరుగెత్తి రావచ్చు. రోజూ బాబును తిప్పే అత్తగారి సౌకర్యానికే మొదటి స్థానం ఇవ్వాలి. కప్పు పెట్టుకునే గూడు, ఫోను జేబు, సీటు రంగు వంటివాటికి మీ సమయం వెచ్చించకండి.

మీ ఆడపడుచుగారు తెచ్చేట్లయితే కొత్తదే తెమ్మనండి. వాడినది తక్కువకు దొరికితే, మోడల్ పేరు, తయారైన తేదీ చూసి, అమెరికా భద్రతా కమిషన్ వెబ్‌సైటులో దాన్ని వెనక్కి పిలిచారేమో ముందు చూడమనండి. 2009లో మడత కీళ్ళలో పిల్లల వేళ్ళు తెగిన కారణంగా దాదాపు పది లక్షల స్ట్రాలర్లను ఆ దేశంలో వెనక్కి పిలిచారు, అలాంటివి చేతులు మారుతూ ఎక్కడెక్కడికో చేరుతుంటాయి. ఏ బండినైనా మడిచేటప్పుడు, విప్పేటప్పుడు బాబు రెండడుగుల దూరంలో ఉండాలన్న నియమం ఇంట్లో పెట్టుకోండి. మోయగల బరువు పరిమితి కూడా చూడమనండి: ఐరోపా ప్రమాణం 15 కిలోల వరకు, 22 కిలోల వరకు అని రెండు విభాగాలుగా ఉంటుంది, అమెరికా పరుగు బళ్ళు కొన్నింటిలో 34 కిలోల దాకా రాసి ఉంటుంది. మీ బాబుకు మూడు, నాలుగేళ్ళు వచ్చేదాకా వాడాలంటే 22 కిలోలు చాలు.

ప్యాకింగులో మూడు చక్రాలూ ఊడదీసి, టైర్లలో గాలి కొంత తీసి, చక్రాలను సీటు బట్టలో చుట్టమని చెప్పండి. ఇరుసు పిన్నులు, మణికట్టు పట్టీ, మాన్యువల్ ఒక సంచిలో వేసి చేతి సామానులో పెట్టుకోమనండి, ఎందుకంటే పోయేవి ఎప్పుడూ అవే, ఇక్కడ దొరకనివీ అవే. స్ట్రాలర్‌ను విడి సామానుగా తీసుకుంటారా, 23 కిలోల పెట్టె లెక్కలో కలుపుతారా అన్నది టిక్కెట్టు కొన్న విమాన సంస్థనే అడగాలి. ఇంటికి చేరాక చక్రాలు బిగించి, బ్రేకు వేసి, బియ్యం బస్తాతో కాలనీ చుట్టూ ఒకసారి తిప్పి చూసిన తరువాతే బాబును కూర్చోబెట్టండి. ఈలోగా మీ లిఫ్టు తలుపు వెడల్పు, డిక్కీ లోతు, అత్తగారి ఎత్తు రాసి పంపితే, ఏ కొలతల బండి తెమ్మనాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.